బాలస్వామి గీసిన ముఖాలు

శవం ముఖం రెండో రోజుకే మనిషిది కాకుండా పోతుంది. ఎండాకాలమైతే ఆ సాయంత్రానికే. పెదవులు బయటికి తిరుగుతాయి, కళ్ల కింద నీటి సంచులు లేస్తాయి, ముక్కు చెంపల్లో మునిగిపోతుంది. ఈ సంగతి నల్లగొండ జిల్లాలో బాలస్వామికి తెలిసినంతగా దవాఖానలో కోతలు కోసే డాక్టరుకు కూడా తెలిసి ఉండదు. డాక్టరు ముఖం వైపు ఎక్కువ సేపు చూడడు. బాలస్వామికి చూడటమే పని.

యుద్ధ చిత్రకారుడు అని అతని దగ్గర ఒక కాగితం ఉండేది. ఇంగ్లీషులో టైపు చేసి, కింద ఒక తెల్ల కెప్టెను సంతకం పెట్టిన కాగితం. వినడానికి గొప్పగా ఉండే ఆ మాట వెనక జరిగిన పని ఎలాంటిదో, ఆ కాగితం అతన్ని చివరికి ఎక్కడికి ఈడ్చుకుపోయిందో చెప్పుకోవాలంటే అతని పుట్టుక నుంచి మొదలుపెట్టాలి.

హాలియాకు నాలుగు కోసుల దూరంలో, నల్లరాళ్ల గుట్ట కింద ముప్పై గుడిసెల గూడెం. నీళ్లకు మైలు నడవాలి. గూడెం మొత్తం గడీలోని దొరకు వెట్టి చేసేది. బాలస్వామి తండ్రి గురవయ్య దొర సామాను నెత్తిన పెట్టుకుని నల్లగొండ దాకా నడిచేవాడు, తిరిగి నడిచి వచ్చేవాడు. కూలి అనే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. బాలస్వామికి పన్నెండేళ్లప్పుడు గురవయ్య గత్తరతో, అదే కలరాతో పోయాడు. తల్లి జానమ్మ అంతకు ముందే గూడెంలో సగం మందితో కలిసి బాప్తిస్మం తీసుకుంది. దొర వల్ల కాని మేలేదైనా పాదిరి వల్ల అవుతుందేమోనని అంతే. ఒక్క మేలు మాత్రం అయింది. మిషను బడిలో బాలస్వామికి అక్షరాలు వచ్చాయి.

బొమ్మలు ఎవరూ నేర్పలేదు. తండ్రి బతికున్నప్పుడు మూటలు మోస్తూ పానగల్ గుడి దగ్గర ఆగేవారు. గుడి లోపలికి రానివ్వరు. బయటి గోడల మీద రాతిలో చెక్కిన ఏనుగులు, బాణాలు వేసే మనుషులు ఎండలో నిలబడి ఉండేవారు. వాళ్లను చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. తండ్రి నడుం వాల్చినంత సేపూ పిల్లవాడు బొగ్గుముక్కతో బండల మీద వాటిని దించేవాడు. పూజారి వచ్చి నీళ్లు కుమ్మరించి కడిగించేవాడు.

1942లో బాలస్వామికి పంతొమ్మిదేళ్లు. గడీ నుంచి కబురొచ్చింది: తండ్రి మోసిన మూటలు ఇక కొడుకు మోయాలి. కబురు తెచ్చిన మనిషి ఇల్లు చేరేలోపు బాలస్వామి ఊరు దాటాడు. సికింద్రాబాదులో పటాలంలో భర్తీ జరుగుతోంది.

"ఎందుకొచ్చినవ్ రా?" అన్నాడు భర్తీ చేసే హవల్దారు.

"తిండికి, సారూ."

"రాజు కోసమని చెప్పు."

"రాజు కోసమే. తిండి పెట్టేది రాజే గద."

హవల్దారు నవ్వి వేలిముద్ర వేయమన్నాడు. బాలస్వామి సంతకం పెట్టాడు. సంతకం చేసినందుకు ఒక చెంపదెబ్బ కూడా తిన్నాడు, వేలిముద్ర వేయమంటే వేయలేదని.

తుపాకి చేతికివ్వలేదు. పార ఇచ్చారు. బర్మా సరిహద్దు అడవుల్లో అతని పటాలం పని బాటలు వేయడం, మరుగుదొడ్లు తవ్వడం, గోతులు తవ్వి చచ్చినవాళ్లను పూడ్చడం. ఈ మూడు పనులకూ ఒకే పార. వానలు మొదలయ్యాక మూడింటికీ ఒకటే వాసన. యుద్ధం గురించి అతను తర్వాత ఎవరికి ఏం చెప్పినా ముందు ఆ వాసన గురించే చెప్పేవాడు, విన్నవాళ్లు మాట మార్చేవారు.

ఒక రోజు రొట్టెల పెట్టె మూత మీద, పక్కన విరేచనాలతో పడి ఉన్న జవాను ముఖం గీస్తుంటే కెప్టెను చూశాడు. మర్నాటి నుంచి పార తీసేసుకుని కాగితాలిచ్చారు. చచ్చిన జవాన్ల ముఖాలు గీయాలి, అవి ఉత్తరంతో పాటు వాళ్ల ఇళ్లకు వెళ్తాయి. ఫొటోలు తీసే యంత్రం తడిసి పాడైంది. కెప్టెను పెట్టిన షరతు ఒకటే. చచ్చినవాడు బతికినట్టు కనపడాలి.

ఆ పని అతను ఒంటరిగా, తనంతట తానే నేర్చుకున్నాడు. శవం ఎంత ఉబ్బినా చెవి అంతగా మారదు. ముందు చెవి గీయాలి. తర్వాత నుదుటి ఎముక, తర్వాత ముక్కు మొదలు. వేళ్లతో ఒత్తి చూస్తే చెంప కింద ఎముక ఎక్కడుందో తెలుస్తుంది. అక్కడి నుంచి ఉబ్బు తీసేస్తూ రావాలి. పెదవులు చివర్లో. వాడు ఎట్లా నవ్వేవాడో పక్క జవాన్లను అడగాలి. రంగులు దవాఖాన డేరాలో దొరికేవి. జ్వరం గోలీలు నూరితే పసుపు, పుండ్లకు పూసే మందు ఊదా, టింక్చరు గోధుమ, లాంతరు మసి నలుపు. చేతులు కడుక్కోవడానికి నీళ్లుండేవి కావు. అదే చేత్తో అన్నం తినేవాడు. మొదటి నెలలో రెండుసార్లు కక్కుకున్నాడు, తర్వాత కక్కు రాలేదు. అలా రాకపోవడమే తనకు అన్నిటికన్నా రోతగా అనిపించిందని అతనే అన్నాడు.

అతను గీసిన ముఖాలు ఎక్కడెక్కడి ఊళ్లకో వెళ్లాయి. మీసం మెలిదిప్పి, తలపాగా చుట్టి, కండ పట్టి. ఆకలితో, విరేచనాలతో ఎండి చచ్చినవాళ్లు పెండ్లికొడుకుల్లా ఇల్లు చేరారు.

పనితనం తెలిశాక పెద్ద బొమ్మలు అడిగారు. అధికారులు భోజనం చేసే డేరాలో కట్టడానికి యుద్ధ చిత్రాలు. కెప్టెను కత్తి ఎత్తి ముందు నడుస్తున్నట్టు ఒకటి గీయించుకున్నాడు. ఆ కత్తితో అతను డబ్బా మూతలు తప్ప ఇంకేదీ తెరిచినట్టు ఎవరూ చూడలేదు. ఒకసారి బాలస్వామి తను చూసిందే గీశాడు. వానలో మరుగుదొడ్డి ముందు నడుములు వంగి, కడుపులు పట్టుకుని నిలబడ్డ జవాన్ల వరస. కెప్టెను దాన్ని నాలుగు ముక్కలు చేసి, "ఇది యుద్ధం కాదు" అన్నాడు. యుద్ధమంతా అదేనని బాలస్వామికి తెలుసు. నోరు తెరవలేదు. తెరిస్తే పార మళ్లీ చేతికొస్తుంది.

1946లో ఆ కాగితంతో, ఒక కంబళితో ఇంటికొచ్చాడు. గూడెం ఉన్నచోటే ఉంది. గడీ కూడా. ఆబ్కారీ గుత్తేదారు దగ్గర పని దొరికింది. కల్లు గీసే తాటిచెట్లకు సర్కారు నంబర్లు వేయాలి. ఒక డబ్బా తెల్లరంగు, ఒక కుంచె. చెట్లకు ముఖాలు లేవు. ఆ రెండేళ్లు సుఖంగా గడిచాయి.

పక్క గుడిసె గుర్వమ్మది. బాలస్వామి ఆమెను చిన్నమ్మా అంటాడు. ఆమె కొడుకు మారయ్య, ఇతను ఒకే ఈడు. చిన్నప్పుడు మేకలు కాస్తూ కొట్లాడుకుంటే బాలస్వామి మారయ్య చెవిపోగు పట్టి లాగాడు, కుడి చెవి తమ్మె రెండుగా చీలింది. మారయ్య దొరలకు ఎదురు నిలిచిన సంఘంలో చేరాడు. గడీకి వెట్టి బంద్ అని ఊళ్లో మొదట గొంతెత్తింది అతనే. 1947 చివర్లో, పెండ్లయి ఏడాది తిరగకుండా, భార్య అండాలును తల్లి దగ్గర వదిలి దళంతో గుట్టలకు పోయాడు. పోయే ముందు బాలస్వామి దగ్గరికి వచ్చాడు.

"పటాలంల పోయినోనివి. నాతోని రారాదు? తుపాకి పట్టొచ్చిన మొగోడు మాకు ఒక్కడు లేడు."

"నాకు తుపాకి ఇయ్యలే. పార ఇచ్చిండ్రు."

"మరి నాలుగేండ్లు ఏం చేసినవ్ రా?"

"బొమ్మలు గీసిన."

మారయ్య పగలబడి నవ్వాడు. "సరే తీ. నేను చస్తే మంచిగ గియ్. మీసం పెద్దగ పెట్టు."

కొత్త సంవత్సరం వచ్చాక ఆ ప్రాంతంలో పోలీసు క్యాంపు పడింది. గుట్టల్లో చంపినవాళ్లను బండ్ల మీద వేసుకుని ఊరూరా తిప్పేవారు, వీడెవడో చెప్పండని. చెబితే ఏమవుతుందో అందరికీ తెలుసు. పేరు తెలిస్తే ఊరు తెలుస్తుంది, ఊరు తెలిస్తే ఆ వాడ కాలుతుంది, మగవాళ్లు క్యాంపుకు పోతారు. అందుకే ఎవరూ ఎవరినీ గుర్తుపట్టేవారు కాదు. రెండో రోజుకు నిజంగానే గుర్తుపట్టలేకపోయేవారు. బండి తోలేవాళ్లు వాసనకు ఎడ్లను వదిలి పారిపోయేవారు.

అప్పుడు క్యాంపును నడిపే పోలీసు అధికారి అమీనుకు ఎవరో ఆ కాగితం సంగతి చేరవేశారు. అమీను పట్నం మనిషి. సుర్మా పెట్టుకున్న కళ్లు, ఉతికిన చేతిరుమాలు. బాలస్వామిని పిలిపించి కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"జంగ్‌ల బొమ్మలు గీసినవ్ అట గద. మా దగ్గర కెమెరా లేదు. నువ్వే మా కెమెరా. ఫికర్ చేయకు, మంచిగ చూసుకుంట."

మొదటి శవం ఒక రోజుది. పాతికేళ్లవాడు, చెంపలోంచి గుండు పోయింది. బాలస్వామి దాని పక్కన కూర్చున్నాడు. చేతులు వాటంతట అవే చెవి దగ్గర మొదలుపెట్టాయి. ఉబ్బు తీశాడు, చెంప పూడ్చాడు, కళ్లు తెరిచాడు. రెండు గంటల్లో ఎవడో తెలియని ఒక మనిషి కాగితం మీద లేచి కూర్చున్నాడు. తనకు గర్వంగా అనిపించిందని బాలస్వామి దాచలేదు. చేయి మరిచిపోలేదు అనుకున్నాడట. అమీను బిర్యానీ పెట్టించాడు. కూర్చుని తిన్నాడు.

ఆ రోజే వారం అంగడి. బొమ్మను అక్కడ ఒక బండికి కట్టారు. జనాన్ని వరసలో నిలబెట్టి దాని ముందు నుంచి నడిపించారు. మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు బొమ్మను చూడలేదు, చూసేవాళ్ల కళ్లను చూశారు. నోరు మూసుకోవచ్చు, కానీ ఆడమనిషికి ఏడుపు గొంతులోంచి రాగంగా వస్తుంది, దాన్ని మింగడం ఎవరూ నేర్చుకోలేదు. బిక్షమ్మ అనే ఆమె గంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. బొమ్మ ముందు రెండు క్షణాలు ఆగింది. గంప కిందపడింది. "ఓ నా పెనిమిటో" అన్న ఒక్క కేక చాలు. ఆ సాయంత్రం లోపల ఆమె వాడలో తొమ్మిది ఇళ్లు కాలాయి. మామను, ఇద్దరు మరుదులను తీసుకుపోయారు. ఒక మరిది తిరిగి రాలేదు.

బాలస్వామి బండి పక్కనే నిలబడి ఆ కేక విన్నాడు. తిన్న బిర్యానీ ఇంకా కడుపులోనే ఉంది. ఇంటికొస్తే జానమ్మ కొడుకు వైపు చూడకుండానే అడిగింది.

"నెయ్యి వాసనొస్తుంది. ఎవలింట్ల పొయ్యి ఆర్పి తిన్నవ్ రా?"

రెండోసారి పిలిచినప్పుడు శవానికి సంబంధం లేని ముఖం గీశాడు. అమీను ఇంకా ఉబ్బని ఆ శవం పక్కన బొమ్మ పట్టుకుని నుదురు, గడ్డం, ముక్కు ఒక్కొక్కటే పోల్చి చూశాడు. లాఠీతో బాలస్వామి ఎడమచేయి రెండు వేళ్లు విరిచాడు. కుడిచేయి ముట్టుకోలేదు. అది సర్కారు సామాను.

"నీ అకల్ నడపకు. ఉన్నది ఉన్నట్టు గీయ్. ఒక్క వెంట్రుక తేడా వస్తే నీ గూడెం ముందు కాలుస్త."

వైశాఖంలో మూడో పిలుపు వచ్చింది. ఎండిన వాగులో మూడు రోజులు పడి ఉన్న శవం. పోలీసులు చేతిరుమాళ్లు కట్టుకుని దూరంగా చింతచెట్టు నీడలో కూర్చున్నారు. అమీను సోడా తాగుతున్నాడు. ఈగల మోత ఆ చెట్టు దాకా వినపడుతోంది. ముఖం ఉబ్బి, నల్లబడి, తోలు పగిలి ఉంది. బాలస్వామి ఒక పక్క నుంచి వంగి చూశాడు. కుడి చెవి తమ్మె రెండుగా చీలి ఉంది.

మారయ్య.

పేరు బయటపడితే గూడెంలో ముప్పై గుడిసెలూ కాలుతాయి. గుర్వమ్మ, అండాలు క్యాంపుకు పోతారు. క్యాంపుకు పోయిన ఆడవాళ్ల సంగతి ఎవరూ గట్టిగా మాట్లాడరు. తప్పుడు ముఖం గీస్తే అమీను పోల్చి చూస్తాడు, అప్పుడూ గూడెమే కాలుతుంది. బతికిన ముఖం గీస్తే అంగడిలో ఇంకో కేక. మధ్యాహ్నం లోపల ఇవ్వమన్నాడు అమీను.

బాలస్వామి లేచి శవానికి అటు వైపు, ఎడమ చెవి కనపడే వైపుకు వెళ్లి కూర్చున్నాడు. ఎండ కళ్లలో పడుతుందని చెప్పాడు. ఆ రోజు అతను ఆడిన అబద్ధం అదొక్కటే. తర్వాత ఉన్నది ఉన్నట్టు గీశాడు. నాలుగేళ్లు నేర్చుకున్న పని మొత్తం పక్కన పెట్టి, ఉబ్బును ఉబ్బుగా, పగిలిన తోలును పగిలినట్టుగా, పెదవుల మీది ఈగలను ఈగలుగా దించాడు. ఎముక కోసం వెతకలేదు. చేయి రెండుమూడుసార్లు తనంతట తానే చెంప తగ్గించబోయింది. తుడిచి మళ్లీ ఉబ్బించాడు. అంత నిజమైన బొమ్మ అంతకు ముందు అతను గీయలేదు. అంత నిజమైన ముఖం ఎవరినీ గుర్తుపట్టడానికి పనికిరాదని కూడా అతనికి తెలుసు.

అమీను ముక్కు మూసుకుని బొమ్మను శవం పక్కన పెట్టి చూశాడు. "శభాష్. ఈగలు కూడా పెట్టినవ్." మొదటి బొమ్మ శవంలోంచి దానంతటదే ఊడిపడిందని అతని లెక్క. ఉబ్బు తీసి బతికిన ముఖం తేవడం వెనక ఉన్న పని ఏమిటో అతనికి ఎప్పుడూ తెలియలేదు.

శవం మీద కిరసనాయిలు చల్లి కాల్చారు. సగమే కాలింది. మిగిలినదాని మీద బాలస్వామి చేతులతో ఇసుక కప్పాడు.

అంగడి నాడు మళ్లీ అదే బండి, అదే వరస. ఉప్పు ఇస్తారని తెలిసి గుర్వమ్మ, అండాలు వచ్చారు. బాలస్వామి బండి చక్రం పట్టుకుని నిలబడ్డాడు. జనం బొమ్మ చూసి మొహాలు తిప్పుకుంటున్నారు. ఒకామె కొంగు నోట్లో కుక్కుకుని పక్కకు పోయి ఉమ్మింది. మామూలు బట్టల పోలీసు ఆమె వెనకే రెండడుగులు వేసి, ఉమ్మడమే అని తేలాక వెనక్కి వచ్చాడు.

గుర్వమ్మ వంతు వచ్చింది. ఆమె బొమ్మకు దగ్గరగా వెళ్లింది. అందరికన్నా ఎక్కువ సేపు చూసింది. గుట్టల్లో కొడుకు ఉన్న తల్లి అలాగే చూస్తుంది. పై నుంచి కిందికి చూసింది. ఎడమ చెవి చూసింది. తర్వాత ఆమె భుజాలు దిగిపోయాయి. తన కొడుకు కాదని తేలిన సంబరం ఎక్కడో ఒకచోటి నుంచి బయటికి రావాలి.

"ఇదేం ముఖం రా బాలసామీ? మనిషి ముఖమా, పొంగిన జొన్నగటక కుండనా?"

వెనక ఉన్న ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. గుర్వమ్మకు ఊపొచ్చింది.

"పటాలంల గిదేనా నేర్పింది? నా కోడలు పిండి పిసికినా గింతకన్న మంచిగ ముక్కు తేల్తది గద!"

అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పద్దెనిమిదేళ్ల పిల్ల, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. అమీను కూడా నవ్వాడు. ఏడ్చేవాళ్ల కోసం పెట్టిన బొమ్మ ముందు నవ్వే గూడెంలో తనకేం పని అనుకున్నాడేమో, ఆ రెండు ఆడ ముఖాల మీద నుంచి చూపు తిప్పేశాడు.

బాలస్వామి కూడా పళ్లు కనపడేలా నవ్వాడు. నవ్వకపోతే అనుమానం వస్తుంది.

"జర ఎండల గీసిన చిన్నమ్మా. మంచిగ రాలే."

సాయంత్రానికి బొమ్మ వెనక పూసిన గంజి కోసం మేకలు దాన్ని నాకి చింపేశాయి.

నాలుగు నెలలు అతను ఎవరికీ చెప్పలేదు, కన్నతల్లికి కూడా. చెబితే గూడెంలో ఏడుపు లేస్తుంది, ఏడుపు క్యాంపు దాకా వినపడుతుంది. పక్క గుడిసెలో గుర్వమ్మ రోజూ కొంచెం గటక కొడుకు కోసం తీసి పెట్టి, పొద్దున పులిసిపోయాక తనే తినేది. అండాలు మీసాల మొగుడి గురించి నీళ్ల బావి దగ్గర గొప్పలు చెప్పేది. తొలకరి వానకు వాగు వచ్చి ఇసుక కింద ఉన్నదంతా తీసుకుపోయింది.

సెప్టెంబరులో యూనియన్ సైన్యం వచ్చింది. నాలుగైదు రోజుల్లో నైజాం పాలన ముగిసింది. అమీను రాత్రికి రాత్రి ఒక లారీ ఎక్కి పట్నం పోయాడని చెప్పుకున్నారు. అలాంటివాళ్లకు లారీలు ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి. క్యాంపు ఖాళీ అయిన మూడోరోజు పొద్దున బాలస్వామి పక్క వాకిట్లోకి వెళ్లాడు. అండాలు ఇసుర్రాయి దగ్గర జొన్నలు విసురుతోంది. గుర్వమ్మ చాటలో రాళ్లు ఏరుతోంది.

"చిన్నమ్మా, మారయ్య రాడు."

"ఎవలు చెప్పిండ్రు?"

"నేనే చెప్తున్న. ఎండకాలంలనే పోయిండు. అంగడిల బండికి కట్టిన బొమ్మ వానిదే."

ఇసుర్రాయి ఆగింది.

"గది వాడు గాదు," అంది గుర్వమ్మ. "నేను కండ్లార చూసిన. చెవి గుడ చూసిన."

"నువ్వు చూసింది ఎడమ చెవి. చినిగిన చెవి అటు దిక్కుండె. నేను గా దిక్కు కూసోలే."

గుర్వమ్మ చాట కింద పెట్టింది.

"ఎందుకట్ల చేసినవ్?"

"పేరు తెలిస్తే గూడెం కాలుస్తుండ్రి. నిన్ను, అండాలును క్యాంపుకు కొంటవోతుండ్రి. ఏడ్పు వినబడొద్దని ఇన్నొద్దులు చెప్పలే."

"ఏడ పెట్టినవ్ వాన్ని?"

"వాగుల. వానకు పోయింది."

"మంచి పనే చేసినవ్," అంది ఆమె. కోపంగా కాదు, తూకం వేసి చెప్పినట్టుగా. "ఇండ్లు నిలబెట్టినవ్. నేనట్ల నవ్వుతుంటే నువ్వు ఏడున్నవ్?"

"బండి కాడనే."

"చూసినవా?"

"చూసిన."

"ఇది నవ్వింది, అది గుడ చూసినవా?"

"చూసిన చిన్నమ్మా."

అండాలు చేతులు ఇసుర్రాయి మీదికి ఎత్తి రెండు చేతుల గాజులూ ఒకేసారి కొట్టుకుంది. ముక్కలు జొన్నపిండిలో పడ్డాయి. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఆపలేదు.

"నీ తప్పు లేదు," అంది గుర్వమ్మ. "గని నువ్వు కనబడ్డప్పుడల్ల నాకు నా నవ్వే కనబడ్తది. నా కొడుకు ముఖం మీద నవ్విన. ఇగ నువ్వు నా కండ్ల ముందల ఉండొద్దు. ఏడికన్న పో."

మాట గూడెమంతా పాకింది. జానమ్మ వాకిట్లో నిలబడి శాపనార్థాలు పెట్టింది.

"నా కొడుకు లేకుంటే బూడిదల పొర్లుతుంటిరి గదనే! పాణాలు కాపాడినోన్ని ఎల్లగొడ్తరా? ఒక్కల నోరన్న లేస్తదా?"

ముప్పై గుడిసెల్లోనూ పొయ్యిలు వెలుగుతున్నాయి. వాటి ముందు కూర్చున్న మనుషులు తలలు దించుకుని వంట చూసుకున్నారు. గుర్వమ్మ దుఃఖం ముందు అతని తరఫున మాట్లాడితే బాగుండదని కొందరు. శవాల బొమ్మలు గీసినవాడు పక్కన లేకపోతేనే నయమని కొందరు. బిక్షమ్మ వాడ సంగతి అప్పుడు గుర్తొచ్చినవాళ్లు ఇంకొందరు.

ఆత్మకూర్ దిక్కు, కృష్ణ ఒడ్డున తాటివనాలు ఎక్కువ అని, అక్కడ నంబర్లు వేసే మనిషి కావాలని గుత్తేదారు మనుషులు అన్నారు. దేవరకొండ మీదుగా ఆరు రోజుల నడక. బాలస్వామి కంబళి, కుంచె, రంగు డబ్బా మూట కట్టాడు. జానమ్మ కుండలు బోర్లించింది, రెండు మాత్రం నెత్తిన పెట్టుకుంది.

వాళ్లు వాకిలి దాటుతుంటే మల్లయ్య వచ్చాడు. వరసలో చివరి గుడిసె అతనిది. ఏదో చెప్పడానికి తడబడుతున్నట్టు నిలబడ్డాడు. ఉండమంటాడేమోనని జానమ్మ నెత్తి మీది కుండలు దించబోయింది.

"గుడిసెకు మంచి దూలాలు పడ్డయ్ గద, బాలసామీ," అన్నాడు మల్లయ్య. "నువ్వు మల్ల రావు గావట్టి... నా కొట్టానికి కావాలె."

"తీస్కో," అన్నాడు బాలస్వామి.

తల్లీకొడుకులు గుట్ట మలుపు తిరగకముందే కప్పు మీది గడ్డి లాగే చప్పుడు వినపడింది. మల్లయ్య ఒక్కడే కాదు, నలుగురైదుగురు చేతులు వేసినట్టున్నారు.